కొండ గాలి గెలిపించిందా, కీనో గెలిచాడా: 1968 నాటి ఒక రేసు చుట్టూ ఉన్న చిక్కుముడులు

2025 జులై 5న కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ 1500 మీటర్లను 3 నిమిషాల 48.68 సెకన్లలో పూర్తిచేసి తన ప్రపంచ రికార్డును తానే చెరిపేసింది. ఆ రోజు నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన మాటలన్నీ ఒకే తీరు. వాళ్లు కొండల మీద పుడతారు కాబట్టి ఊపిరితిత్తులు అలా ఉంటాయని ఒకరు, వాళ్ల జీన్సే వేరని ఇంకొకరు, చిన్నప్పుడు బడికి పరుగెత్తుకుంటూ వెళ్లడం వల్లే అని మరొకరు. కెన్యా వాళ్లు ఎప్పుడు ఏ రేసు గెలిచినా మనకు వినిపించేవి ఈ మూడు మాటలే. వీటిలో కొంత నిజం ఉంది, కొంత సగం నిజం. ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే ఈ వాదన మొదట గట్టిగా రాజుకున్న చోటికే వెళ్లాలి. అది 1968 అక్టోబర్ 20న మెక్సికో సిటీలో జరిగిన పురుషుల 1500 మీటర్ల ఫైనల్. గెలిచింది కిప్‌చోగే కీనో, అందరూ పిలిచే పేరు కిప్ కీనో.

ఆ గెలుపు గురించి అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న ప్రశ్న ఒక్కటే. అది ఆయన గెలుపా, ఆ ఊరి ఎత్తు ఇచ్చిన గెలుపా?

ఎవరీ కీనో

కెన్యా పశ్చిమాన నంది కొండల ప్రాంతం ఉంది. అక్కడి కిప్సామో అనే ఊళ్లో 1940 జనవరి 17న పుట్టాడు. అప్పటికి కెన్యా ఇంకా బ్రిటిష్ వలసే. నంది భాషలో కిప్‌చోగే అంటే గాదె దగ్గర పుట్టినవాడని అర్థం. చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోతే బంధువుల దగ్గర పెరిగాడు. పెద్దయ్యాక పోలీసు శాఖలో చేరి, కిగాంజో పోలీసు కాలేజీలో వ్యాయామం నేర్పే ఇన్‌స్ట్రక్టర్ అయ్యాడు. ఈ ఉద్యోగం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదటి పెద్ద పోటీలో ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1962 పెర్త్ కామన్వెల్త్ గేమ్స్‌లో మూడు మైళ్ల రేసులో 11వ స్థానం. 1963 డిసెంబర్ 12న కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో 5000 మీటర్లలో ఐదోవాడిగా వచ్చాడు, 1500లో కొద్దిలో ఫైనల్ తప్పిపోయింది. 1965లో మాత్రం ప్రపంచం తిరిగి చూసింది. ఆగస్టు 27న స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో 3000 మీటర్లను 7:39.6లో పరుగెత్తాడు. అంతకుముందు రికార్డు 7:46.0, అంటే ఆరు సెకన్లకు పైగా తగ్గించాడన్నమాట. ఇలాంటి రేసుల్లో రికార్డులు సెకనులో పదో వంతులతో చెరిగిపోతుంటాయి, ఆరు సెకన్లంటే మాటలు కాదు. అదే ఏడాది నవంబర్ 30న ఆక్లాండ్‌లో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు కూడా 13:24.2తో ఆయన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో నారింజ రంగు టోపీ పెట్టుకుని పరుగెత్తేవాడు. చివర్లో వేగం పెంచే ముందు దాన్ని తీసి పక్కకు విసిరేసేవాడు, స్టేడియంలో జనం ఆ టోపీ కోసమే కాచుకుని ఉండేవాళ్లు.

ఆఫ్రికా నుంచి మొదటి హీరో ఈయన కాదు. 1960 రోమ్‌లో చెప్పుల్లేకుండా మారథాన్ గెలిచిన ఇథియోపియా యోధుడు అబెబె బికిలా ఉన్నాడు. కెన్యాకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చింది కూడా కీనో కాదు, 1964లో 800 మీటర్ల కాంస్యం గెలిచిన విల్సన్ కిప్రుగుట్. అయినా కీనోను మార్గదర్శకుడు అనడానికి కారణముంది. 1500 మీటర్లు, దాని అన్నలాంటి మైలు పరుగు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లు తమ సొంతమనుకున్న రేసులు. అందులో దిగి వాళ్ల లెక్కల్నే తలకిందులు చేసినవాడు ఈయన.

ఊటీ అంత ఎత్తులో ఒలింపిక్స్

మెక్సికో సిటీ సముద్ర మట్టానికి దాదాపు 2240 మీటర్ల ఎత్తున ఉంది. మనవాళ్లకు ఈ అంకె సులభంగా అర్థమయ్యే దారి ఒకటుంది. మన ఊటీ ఎత్తు కూడా ఇంచుమించు అంతే. వైజాగ్ బీచ్ రోడ్డు మీద రోజూ జాగింగ్ చేసే మనిషిని ఊటీ తీసుకెళ్లి అదే వేగంతో పరుగెత్తమనండి, కాసేపటికే రొప్పుతూ నడుం మీద చేతులు వేసుకుని ఆగిపోతాడు.

ఎందుకలా? ఎత్తుకు వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. కిందైనా పైనైనా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. అంటే గాలే పలచబడుతుంది. మెక్సికో సిటీ దగ్గర ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదాంట్లో ముప్పావు వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అదే పెద్ద గుక్క పీల్చినా లోపలికి వెళ్లే ఆక్సిజన్ దాదాపు పావు వంతు తక్కువ. రక్తంలోకి ఎక్కేది తగ్గుతుంది, కండరాలకు చేరేదీ తగ్గుతుంది.

శరీరం చేతులు ముడుచుకుని కూర్చోదు. కొన్ని వారాలు అక్కడే ఉంటే మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. మందుల దుకాణంలో ఈపీఓ పేరుతో దొరికేది, డోపింగ్ కేసుల్లో పేరు వినిపించేది ఇదే. దాని వల్ల ఎర్ర రక్త కణాలు పెరుగుతాయి, ఆక్సిజన్ మోసే బండ్లు పెరిగినట్టన్నమాట. అందుకే ఎత్తులో పుట్టి పెరిగినవాళ్లకు, ఎక్కువ కాలం అక్కడ ప్రాక్టీసు చేసినవాళ్లకు ఇబ్బంది తక్కువ. తక్కువే గానీ అసలు లేకుండా పోదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎత్తు వల్ల కొండ మీద పుట్టినవాడికి అదనపు బలమేదీ రాదు. అది అందరి దగ్గరా వసూలు చేసే పన్ను లాంటిది, కొందరికి రాయితీ ఉంటుంది.

ఇంకో మెలిక. గాలి పలచబడితే ఎదురుగాలి నిరోధం కూడా తగ్గుతుంది. కొద్ది సెకన్లలో అయిపోయే ఈవెంట్లలో బయటి ఆక్సిజన్ అవసరం పెద్దగా ఉండదు కాబట్టి వాళ్లకు లాభమే మిగులుతుంది. అదే మెక్సికోలో జిమ్ హైన్స్ 100 మీటర్లు 9.95లో, లీ ఎవాన్స్ 400 మీటర్లు 43.86లో పరుగెత్తారు, బాబ్ బీమన్ లాంగ్ జంప్ రికార్డును ఒక్క దూకుతో 8.35 నుంచి 8.90 మీటర్లకు తీసుకెళ్లాడు. ఇవన్నీ ప్రపంచ రికార్డులే, ఇవన్నీ అమెరికా వాళ్లవే. వీటికి కూడా ఎత్తు సాయం ఉందని చెప్పుకుంటారు గానీ బీమన్ దూకును ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు. కీనో విషయం వచ్చేసరికి అదే వివరణ గెలుపును తగ్గించే మాటగా మారిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పన్ను ఎంత పడిందో లెక్క వేద్దాం

మాటల కన్నా అంకెలు నయం. అప్పటి ప్రపంచ రికార్డులను, మెక్సికోలో గెలిచిన టైమింగ్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

10,000 మీటర్లలో అప్పటికి రికార్డు ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్‌ది, 27:39.4. మెక్సికోలో కెన్యాకు చెందిన నఫ్తాలీ టెము గెలిచిన టైమ్ 29:27.4. తేడా 108 సెకన్లు, అంటే ఆరున్నర శాతం నెమ్మది. 5000లో కూడా రికార్డు క్లార్క్‌దే, 13:16.6. మెక్సికోలో ట్యునీషియా రన్నర్ మొహమ్మద్ గమ్మూదీ గెలిచింది 14:05.0లో. తేడా 48.4 సెకన్లు, ఆరు శాతం. ఇక 1500లో రికార్డు అమెరికా కుర్రాడు జిమ్ రయన్‌ది, 3:33.1. మెక్సికోలో కీనో టైమ్ 3:34.9. తేడా 1.8 సెకన్లు, ఒక శాతం కూడా లేదు.

సరే, ఈ లెక్కలో లోపం ఉంది, ముందే చెప్పేస్తాను. ఒలింపిక్ ఫైనల్లో ఎవరూ రికార్డు కోసం పరుగెత్తరు, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ పరుగెత్తుతారు కాబట్టి టైమింగ్‌లు మామూలుగానే నెమ్మదిగా ఉంటాయి. పైగా 1500 మీటర్లు మూడున్నర నిమిషాల్లో తేలిపోతుంది, దూరం పెరిగే కొద్దీ ఆక్సిజన్ లోటు పేరుకుంటుంది గనక పొడవు రేసుల్లో నష్టం ఎక్కువే ఉంటుంది. ఎంత తగ్గించి చూసినా ఒక్క సంగతి మాత్రం కదలదు. అప్పటిదాకా ఉన్న ఒలింపిక్ రికార్డు 1960 రోమ్‌లో ఆస్ట్రేలియా వీరుడు హెర్బ్ ఎలియట్ పెట్టిన 3:35.6. రోమ్ దాదాపు సముద్ర మట్టంలో ఉన్న ఊరు. కీనో ఆ రికార్డును ఊటీ ఎత్తులో చెరిపేశాడు. ఎత్తు పన్ను కట్టి మరీ.

ఎనిమిది రోజుల్లో ఆరు రేసులు

ఆ పన్ను కట్టిన ఒంటి పరిస్థితి ఏమిటో కూడా చూడాలి. మెక్సికోకు వచ్చేసరికే కీనోకు పిత్తాశయం దగ్గర తీవ్రమైన నొప్పి. అయినా మూడు ఈవెంట్లకు పేరిచ్చాడు. అక్టోబర్ 13న 10,000 మీటర్ల ఫైనల్, 15న 5000 హీట్ (ఫైనల్‌కు ముందు జరిగే తొలి దశ రేసు), 17న 5000 ఫైనల్, 18న 1500 హీట్, 19న సెమీఫైనల్, 20న ఫైనల్. మొత్తం కలిపితే 24 కిలోమీటర్ల పైచిలుకు, అదీ ప్రపంచంలో అందరికన్నా వేగంగా పరుగెత్తేవాళ్లతో.

మొదటి రోజే ఒళ్లు ఎదురు తిరిగింది. 10,000లో ముందున్న గుంపులోనే ఉన్నాడు, ఇంకా రెండు ల్యాపులే మిగిలాయి. అప్పుడు నొప్పి ముడి వేసినట్టు పట్టేసి ట్రాక్ పక్కన లోపలి గడ్డి మీద పడిపోయాడు. స్ట్రెచర్ పట్టుకుని జనం పరుగున వచ్చేలోపు లేచి మళ్లీ ట్రాక్ ఎక్కి రేసు పూర్తి చేశాడు. ట్రాక్ దాటి లోపలికి వెళ్లినందుకు అప్పటికే అనర్హుడైపోయాడు, ఆ పరుగు ఏ లెక్కలోకీ రాదు. అయినా ఆగలేదు. అదే రేసులో టెము గెలిచి కెన్యా చరిత్రలో తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. రాన్ క్లార్క్ ఆరోవాడిగా గీత దాటి అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఎత్తు ఎవరిని ఏం చేస్తుందో ఆ ఒక్క రేసులోనే కనిపించింది.

నాలుగు రోజుల తర్వాత 5000 ఫైనల్లో కీనోకు రజతం. గమ్మూదీకి ఆయనకు మధ్య తేడా సెకనులో ఐదో వంతు.

1500 ఫైనల్ రోజున పరుగెత్తొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. వెళ్లాలనే తేల్చుకుని బస్సెక్కాడు, బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. దిగి స్టేడియం దాకా పరుగెత్తుకుంటూ వెళ్లాడు. ఎంత దూరమన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, ఒక మైలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు. ఏదైనా ఆయన వార్మప్ మాత్రం అక్కడే అయిపోయింది.

ఫైనల్: అప్పు, వడ్డీ

ఎదురుగా ఉన్నది జిమ్ రయన్. ఆ కుర్రాడి బలం చివరి ల్యాపు. అందరితో పాటు వెనకే వచ్చి, ఆఖరి 300 మీటర్లలో ఒక్కసారి వదిలితే ప్రపంచంలో ఎవరూ నిలిచేవాళ్లు కాదు. కీనోకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు, ఏడాది ముందే ఒంటితో తెలుసుకున్నాడు. 1967 జులైలో లాస్ ఏంజెలెస్‌లో రయన్ 3:33.1 ప్రపంచ రికార్డు పెట్టిన రేసులో రెండో స్థానం కీనోదే, దాదాపు నాలుగు సెకన్లు వెనక. రయన్‌తో చివరి ల్యాపు దాకా కలిసి వెళ్తే ఓడిపోవడం ఖాయం.

మెక్సికో ఎత్తులో 3:39 చేస్తే చాలు గెలుస్తామని రయన్ అంచనా. ఆ రోజు ఆయన చేసింది 3:37.8. అంటే తన అంచనా కన్నా బాగానే పరుగెత్తాడు. ఓటమికి ఇంతకన్నా స్పష్టమైన వివరణ నాకు కనబడదు. రయన్ చెడిపోలేదు, రేసే ఆయన ఊహించిన చోట జరగలేదు.

గన్ను పేలగానే కీనో జట్టు సహచరుడు బెన్ జిప్చో ముందుకు దూకి మొదటి ల్యాపును 56 సెకన్లలో లాగేశాడు. 1500 అంటే మూడు ముప్పావు ల్యాపులు. కీనో గెలిచిన టైమును అన్ని ల్యాపులకూ సమానంగా పంచితే ల్యాపుకు 57.3 సెకన్లు వస్తుంది, అంటే మొదటి ల్యాపు సగటు కన్నా వేగంగా నడిచింది. ఎత్తులో ఇది చెయ్యకూడని పని. వేగం హద్దు దాటితే కండరాలు ఆక్సిజన్ అందేదాకా ఆగవు, అప్పు చేసి నడిపేస్తాయి. సముద్ర తీరంలో ఆ అప్పు కొంతైనా పరుగులోనే తీరుతుంది. పలచటి గాలిలో తీర్చే స్తోమత తక్కువ, వడ్డీ ఎక్కువ. మొదట్లో అప్పు చేసినవాడు ఆఖర్లో కుప్పకూలాలి, అందరూ ఎదురుచూసింది అదే.

రెండో ల్యాపు అయ్యేసరికి కీనోయే ముందు, 800 మీటర్ల దగ్గర 1:55.3. అక్కడి నుంచి తగ్గలేదు. 1200 దగ్గర 2:53.4. రయన్ వెనక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు గానీ ఆయనకు, కీనోకు మధ్య ఖాళీ ట్రాక్ కనిపిస్తోంది. రేసు వీడియోలో చివరి మలుపు చూడండి. కీనో భుజాలు బిగుసుకోవడం, ఒకసారి వెనక్కి చూడటం తెలుస్తాయి. గీత దగ్గర తేడా 2.9 సెకన్లు. ఆ వేగంలో సెకనుకు ఏడు మీటర్లు అనుకుంటే ఇరవై మీటర్ల దూరం. మూడోవాడు పశ్చిమ జర్మనీ రన్నర్ బోడో ట్యుమ్లర్, 3:39.0, అంటే రయన్ అంచనా అచ్చంగా అక్కడ సరిపోయింది.

ఇప్పుడు ఎత్తు పాత్ర ఏమిటో కాస్త తేటగా చెప్పొచ్చు. రయన్ చివరి ఉరుకును కొంత మొద్దుబార్చింది ఎత్తే, అందులో అనుమానం లేదు. కానీ వెనక ఉండి చివర్లో కొట్టేవాడికి ఎత్తు ఎక్కడ అడ్డం పడుతుందో కనిపెట్టి, మొదటి ల్యాపు నుంచే ఆ అడ్డాన్ని వాడుకున్నది కీనో. వాడుకోవడానికి తాను కూడా అదే గాలిలో అదే అప్పు చెయ్యాలి, అదీ వారం రోజుల్లో ఐదు రేసులు పరుగెత్తిన ఒంటితో.

జిప్చో చేసింది తప్పా

ఇక్కడ రెండో చిక్కుముడి. జిప్చో ఆ మొదటి ల్యాపు తన కోసం పరుగెత్తలేదు, కీనో కోసం పరుగెత్తాడు. చివరికి బాగా వెనకబడిపోయాడు. ఇది జట్టు ఎత్తుగడ. ఒలింపిక్స్‌లో ఎవరి పరుగు వాళ్లదే అయి ఉండాలి, ఒకరి గెలుపు కోసం ఇంకొకరు తన అవకాశాన్ని బలిపెట్టడం ఆ స్ఫూర్తికి విరుద్ధం అని ఒక పక్షం అంటుంది. జిప్చోకు కూడా మనసులో ఏదో మిగిలిపోయి ఉండాలి, తర్వాతి రోజుల్లో రయన్‌ను కలిసినప్పుడు క్షమాపణ చెప్పాడు.

రెండో పక్షం వాదన ఇది. అక్కడ ఎవరూ ఎవరినీ తొయ్యలేదు, దారి అడ్డుకోలేదు. వేగంగా పరుగెత్తడం ఏ నియమానికీ విరుద్ధం కాదు, ఆ వేగాన్ని అందుకోవాలా వద్దా అన్నది రయన్ తేల్చుకోవాల్సిన సంగతి. పైగా కుందేలులా ముందు పరుగెత్తి రికార్డులకు సాయపడే పేస్‌మేకర్లు యూరప్ పోటీల్లో అంతకుముందే మామూలు.

నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. ఎందుకంటే జిప్చో ఉన్నది మొదటి భాగంలోనే. మిగిలిన దాదాపు రెండు ల్యాపులు కీనో ముందు ఎవరూ లేరు, గాలిని చీల్చుకుంటూ ఒంటరిగా వెళ్లింది ఆయనే. ఇంకో మాట, జిప్చో ఎవరి నీడలోనో ఉండిపోయే మనిషి కాదు. 1973లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డుకట్టలు, నీళ్ల గుంట దూకుతూ పరుగెత్తే రేసులో, ప్రపంచ రికార్డు సాధించాడు.

ఎత్తొక్కటే కారణమైతే కుదరని సంగతులు

ఎత్తు వల్లే అనేవాళ్ల దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది, దాన్ని దాటవేయకూడదు. మెక్సికోలో 1500 నుంచి మారథాన్ దాకా ఉన్న పురుషుల పరుగు స్వర్ణాలన్నీ ఆఫ్రికా వాళ్లవే. 1500 కీనో, 5000 గమ్మూదీ, 10,000 టెము, స్టీపుల్‌చేజ్ కెన్యాకే చెందిన అమోస్ బివోట్, మారథాన్ ఇథియోపియాకు చెందిన మామో వోల్డే. అంతకుముందు ఒలింపిక్స్‌లో ఇలా ఎప్పుడూ లేదు. లాస్ ఏంజెలెస్‌లో కీనోను ఓడించిన రయన్ మెక్సికోలో ఓడాడు. మధ్యలో మారింది ఊరి ఎత్తే కదా అంటారు.

అయితే ఆ మధ్యలో రయన్‌కు మోనోన్యూక్లియోసిస్ అనే జబ్బు కూడా చేసింది, 1968లో కొంత కాలం ప్రాక్టీసు దెబ్బతింది. ఇంకో వైపు అమెరికా ఎత్తు విషయంలో అజాగ్రత్తగా ఏమీ లేదు. జట్టు ఎంపిక పోటీలను కాలిఫోర్నియాలోని ఎకో సమ్మిట్ దగ్గర, మెక్సికో సిటీకి సమానమైన ఎత్తులో, చెట్ల మధ్య ట్రాక్ వేయించి మరీ జరిపారు.

ఇక కీనో సొంత రికార్డు చూడండి. ఆయన రెండు ప్రపంచ రికార్డులు ఎక్కడ పెట్టాడు? హెల్సింగ్‌బోర్గ్, ఆక్లాండ్. రెండూ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణాలు. 1966లో కామన్వెల్త్ గేమ్స్‌లో మైలు, మూడు మైళ్లు రెండూ గెలిచింది జమైకాలోని కింగ్‌స్టన్‌లో, అదీ రేవే. ఎత్తు లేనిచోట ఈ మనిషి మామూలువాడై ఉంటే ఇవన్నీ ఎలా వచ్చాయి? గమ్మూదీ ముడి అంతకన్నా గట్టిది. ట్యునీషియా కెన్యాలా ఎత్తైన పీఠభూముల దేశం కాదు. అక్కడివాడు మెక్సికో ఎత్తులో కీనో, టెము ఇద్దరినీ దాటి 5000 గెలిచాడు.

కాబట్టి పుట్టిన ఊరి ఎత్తు సాయపడుతుంది, తేల్చెయ్యదు. ఎత్తైన ఊళ్లు నేపాల్‌లో, పెరూలో, మన లద్దాఖ్‌లో ఎన్ని లేవు?

జీన్స్, బడి దారి, నెల జీతం

అలా అడిగితే వెంటనే వచ్చే జవాబు జీన్స్. ఇక్కడ మొదట ఒక సవరణ. కెన్యా అంతా పరుగు వీరుల దేశమేమీ కాదు. పెద్ద గెలుపుల్లో చాలా భాగం రిఫ్ట్ లోయ పక్కనున్న కలెంజిన్ తెగలవాళ్లవి, కీనో పుట్టిన నంది తెగ అందులో ఒకటి. స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ బృందం 1990లలో కెన్యా, స్కాండినేవియా రన్నర్లను పోల్చి చూసింది. ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న గరిష్ఠ సామర్థ్యంలో ఇద్దరికీ పెద్ద తేడా కనబడలేదు. తేడా వచ్చింది పొదుపులో. అదే వేగానికి కెన్యా రన్నర్ తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తున్నాడు. ఒక కారణంగా చెప్పేది సన్నని పిక్కలు. రోకలిని నడిమికి పట్టుకుని ఊపడం తేలిక, ఒక చివర పట్టుకుని ఊపితే చెయ్యి పడిపోతుంది. కాలు కూడా అంతే, తుంటి నుంచి ఊగే లోలకం. కింది భాగం బరువు తక్కువైతే ప్రతి అడుగుకీ కాస్త శక్తి మిగులుతుంది, 1500 మీటర్లలో కొన్ని వందల అడుగులు. అయితే ఇదిగో ఇదే పరుగు జీన్ అని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేకపోయారు. పిక్కల పొదుపులో పుట్టుక వాటా ఎంత, చిన్నప్పటి నుంచి నడిచిన వాటా ఎంత అన్నది ఇంకా తేలని వాదన.

బడికి పరుగెత్తడమనే కథలో నిజం లేకపోలేదు గానీ, మైళ్ల దూరం నడిచి బడికి వెళ్లిన తరం మన పల్లెల్లోనూ ఉంది. అంతమాత్రాన మనకు కీనోలు పుట్టలేదు.

ఇక్కడే పోలీసు ఉద్యోగం దగ్గరికి తిరిగి రావాలి. కీనోకు నెల జీతం ఉంది, ప్రాక్టీసుకు మైదానం ఉంది, ఒళ్లు సాధన చెయ్యడమే పనిగా ఉంది. కెన్యాలో పోలీసు, సైన్యం, జైళ్ల శాఖ అప్పటి నుంచీ రన్నర్లకు ఆసరా. మనకు ఇది తెలియంది కాదు, మన దగ్గర ఆర్మీ, రైల్వే లేకపోతే సగం అథ్లెట్లు మధ్యలోనే మానేసేవాళ్లు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ స్టీపుల్‌చేజ్‌లో కెన్యా రన్నర్‌కు సెకనులో ఇరవయ్యో వంతు దూరంలో రజతం గెలిచిన అవినాశ్ సాబ్లే ఆర్మీవాడే, ప్రాక్టీసు చేసిన చోట్లలో ఊటీ ఒకటి. 1998 నుంచి 2018 దాకా ఆ ఈవెంట్‌లో మూడు పతకాలూ కెన్యావే, మధ్యలో దూరింది ఈ మనిషే. అదే ఎత్తు, అదే నెల జీతం మనకూ పనికొచ్చాయి.

వీటన్నిటికీ తోడు ఇంకొకటుంది, దాన్ని కొలవడం కష్టం. మనలాంటి ఊరివాడు, మనలాంటి పేరున్నవాడు గెలిచాడు అన్న సంగతి. 1968లో కెన్యా మొత్తం తొమ్మిది పతకాలతో ఇంటికి వెళ్లింది, స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. తర్వాత పుట్టిన నంది పిల్లలకు పరుగంటే ఎక్కడో తెల్లవాళ్లు ఆడే ఆట కాదు, పక్క ఊరి పోలీసాయన చేసే పని.

మ్యూనిక్, ఆ తర్వాత ఎల్డొరెట్

నాలుగేళ్ల తర్వాత మ్యూనిక్‌లో ఎత్తు వాదనకు ఇంకో పరీక్ష ఎదురైంది. ఆ ఊరు ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, లెక్కలోకి తీసుకోవాల్సినంత కాదు. 1500లో ఫిన్లాండ్ రన్నర్ పెక్కా వసాలా అర సెకను తేడాతో గెలిచాడు, కీనోకు రజతం. కావాలంటే ఇది ఎత్తు వాదానికి బలమే. కానీ అదే ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు దిగాడు. అడ్డుకట్టల మీదుగా 28 సార్లు, నీళ్ల గుంట మీదుగా ఏడు సార్లు దూకాల్సిన రేసు అది, ఆయనకు అందులో అనుభవం చాలా తక్కువ. వయసు ముప్పై రెండు. 8:23.6తో ఒలింపిక్ రికార్డు, స్వర్ణం. రెండోవాడు ఎవరో కాదు, జిప్చో. ఆ ఈవెంట్‌లో 1968 నుంచి 2016 దాకా కెన్యా పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం కెన్యాదే, ఆ గొలుసులో రెండో లంకె కీనోది.

1973లో ప్రొఫెషనల్ అయ్యాడు, అంటే డబ్బు తీసుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు, ఆ రోజుల నియమాల ప్రకారం దాంతో ఒలింపిక్స్ దారి మూసుకుపోయింది. భార్య ఫిలిస్‌తో కలిసి పశ్చిమ కెన్యాలోని ఎల్డొరెట్ పట్టణం దగ్గర దిక్కులేని పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని పెంచడం మొదలుపెట్టారు, అది పెరిగి అనాథాశ్రమం అయింది, తర్వాత ఆయన పేరుతో బడి వచ్చింది. చాలా ఏళ్లు కెన్యా ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆ పదవి చివర్లో మచ్చ పడింది. 2016 రియో ఒలింపిక్స్ నిధుల దుర్వినియోగం కేసులో 2018లో ఆయన పేరూ వచ్చింది, తర్వాత ప్రాసిక్యూషన్ ఆయన మీద కేసు వదిలేసి సాక్షిగా తీసుకుంది.

మెక్సికోలో పెట్టిన 3:34.9 మాత్రం 1500 మీటర్ల ఒలింపిక్ రికార్డుగా పదహారేళ్లు నిలిచింది. మాంట్రియల్‌లో, మాస్కోలో ఎవరి వల్లా కాలేదు, 1984లో లాస్ ఏంజెలెస్‌లో బ్రిటన్ రన్నర్ సెబాస్టియన్ కో దాన్ని 3:32.53తో చెరిపేశాడు. అప్పటికి కీనో ఇంట్లో పదుల మంది పిల్లలు. 2016 ఆగస్టు 5న రియో ప్రారంభోత్సవంలో ఒలింపిక్ లారెల్ అనే కొత్త పురస్కారాన్ని మొట్టమొదట ఆయనకే ఇచ్చారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, సూటు వేసుకుని, తెల్ల గాలిపటాలు పట్టుకున్న పిల్లల మధ్య మైదానంలోకి వచ్చాడు. నడిచి రాలేదు, పరుగెత్తుకుంటూనే వచ్చాడు.